నల్ల పెట్టెకు బొట్టు

తొప్పూరు కనుమ దిగుతుండగా ఆ లారీ ఇంజిను ఉన్నట్టుండి ఆగిపోయింది. స్టీరింగ్ బిగుసుకుంది. లారీతోపాటు డ్రైవర్ మాయాండి లోయలో పడి చనిపోయాడు. పోలీసులు ప్రమాదమని రాసుకున్నారు. అది హత్య అని నామక్కల్ లారీ యార్డులో ఒక్కడికే తెలుసు. అతడు సైలెన్సర్ మెకానిక్ వేషంలో ఉన్న ప్రభుత్వ గూఢచారి కదిరవన్. మాయాండి బండికి నల్ల పెట్టె బిగించింది అతడే.

ఆ పెట్టె గురించి యార్డులో అందరికీ తెలుసు, ఎవరూ నోరు విప్పరు. పొగలోని మసిని పట్టే ఫిల్టర్ మాటిమాటికీ పూడుకుపోతుందని దాన్ని కోసేసి, ఉత్త గొట్టం అతికిస్తారు. సెన్సర్లు ఊరుకోవు, ఇంజిను కంప్యూటర్‌కు ఫిర్యాదు చేస్తాయి. సీటు కింద దాక్కుని వాటి నోరు నొక్కి, అంతా క్షేమమేనని అబద్ధం చెప్పేదే నల్ల పెట్టె. విదేశీ ముఠా అందులో మరో అబద్ధాన్ని దాచింది. సిగ్నల్ అందగానే, గొట్టం నిప్పులా కాలుతోందని పెట్టె చెబుతుంది. కంప్యూటర్ బెదిరి ఇంజినును ఆపేస్తుంది.

ముఠా నమ్మకం కోసం కదిరవన్ నెలల తరబడి ఆ పెట్టెలు బిగించాడు. మాయాండి చావు వాళ్లకు రిహార్సల్.

ఆయుధపూజ ఉదయం టైర్ల కంపెనీ ఏజెంటు వేషంలో రోషెల్ దిగింది. నల్ల కళ్లద్దాలు, డీజిల్ కంపును కూడా ఓడించే సెంటు. ముఠాకూ కదిరవన్ డిపార్ట్‌మెంటుకూ ఒకేసారి పనిచేసే మనిషి.

"స్టెప్నీలో గాలి ఉందా?"

"గాలి ఉంది. నమ్మకమే లేదు."

కోడ్ సరిపోయింది. ఆమె గొంతు తగ్గించింది. "ఇవాళే. పూజ కాగానే ఈ యార్డు గ్యాస్ ట్యాంకర్లన్నీ వరసగా కనుమ దిగుతాయి. పదింటికి సిగ్నల్. కింద ఊరుంది, కదిర్."

చెవిలోని రిసీవర్‌లో డైరెక్టర్ ఫిలోమినా గొంతు పలికింది. "సిగ్నల్ రానివ్వు. అది ఎక్కడినుంచి వస్తే అక్కడే ముఠాను పట్టుకుంటాం. ట్యాంకర్లు మాత్రం కదలకూడదు. ఎవరికీ చెప్పకు."

"చెప్పకుండా ఎలా ఆపను, మేడమ్?"

"అది నీ పని."

యార్డులో బళ్లన్నీ దండలతో మెరుస్తున్నాయి. చనిపోయిన మాయాండికి అన్న అయిన యూనియన్ లీడర్ సడయన్ గంధం గిన్నె పట్టుకుని ప్రతి పనిముట్టుకూ బొట్టు పెడుతున్నాడు. అతని ముఖంలోకి చూడలేక కదిరవన్ గిన్నెను చూస్తూ మాట్లాడాడు.

"అన్నిటికీ పెట్టావా అన్నా?"

"జాకీకి కూడా పెట్టానురా. కళ్లు కనబడ్డం లేదా?"

"సీటు కింద ఉన్నదానికి?"

డ్రైవర్లు దండలు కట్టడం ఆపి ఇటు తిరిగారు.

"ఏ సీటు కింద ఏముందిరా?"

"ఏమీ లేకపోతే సరే. అన్నం పెట్టినదాన్ని చీకట్లో వదిలేసి కనుమ దిగితే అమ్మవారు ఊరుకుంటుందా అని అడిగా."

"సిగ్గులేనోడు, దొంగ పెట్టెకు కూడా దండ వెయ్యమంటాడు!" అని ఒక డ్రైవర్ నవ్వాడు. నవ్వినవాడే అందరికంటే ముందు క్యాబిన్ ఎక్కాడు.

ఒక్కొక్క పెట్టే ఊడి వచ్చి, అమ్మవారి పటం ముందు అరిటాకు మీద బొట్టు పెట్టించుకుంది. తొందరపడి ఒకడు ఇంజిను స్టార్ట్ చేశాడు. అడ్డు తొలగిన సెన్సర్లు నిజం చెప్పేశాయి. డ్యాష్‌బోర్డు నిండా దీపాలు వెలిగాయి, బండి ముసలి ఎద్దులా కాళ్లీడ్చింది.

"పెట్టె లేకుండా ఎలా పోతుందిరా? తగిలించు" అంటూ సడయన్ ఆకు మీదికి చెయ్యి చాచాడు.

"హారతి కానీ అన్నా."

హారతి పళ్లెం తిరుగుతుండగా, లోపలి బ్యాటరీలతో పెట్టెలన్నీ ఒక్కసారిగా ఎర్రగా మిణుకుమన్నాయి. పదయింది. సడయన్ చెయ్యి గాలిలోనే ఆగిపోయింది.

"ఏంట్రా ఇది?"

ఆజ్ఞ మీరి కదిరవన్ అంతా చెప్పాడు.

"మా తమ్ముడి బండికి బిగించింది నువ్వే కదా. తెలిసే బిగించావా?"

"లోపల ఏదో ఉందని తెలుసు. చంపుతుందని తెలీదు. తెలుసుకోవాలని అడగనూ లేదు."

రిసీవర్ పలికింది. "ముఠా దొరికింది. నీ పేరు మెడల్‌కు రాస్తున్నాను." కదిరవన్ రిసీవర్ తీసి జేబులో వేసుకున్నాడు.

సడయన్ మళ్లీ గిన్నె ఎత్తుకున్నాడు. కదిరవన్ స్పానర్లకు, సుత్తికి, వెల్డింగ్ టార్చికి వరసగా బొట్టు పెట్టాడు. చివర మెకానిక్ చేతులకు పెట్టడం ఆ యార్డు ఆచారం. కదిరవన్ మసి అంటిన చేతులు చాచాడు. సడయన్ వాటిని చూసి, బొట్టు పెట్టకుండానే పక్క షెడ్డుకు వెళ్లిపోయాడు.

ఆ ఏడు ఆ యార్డులో బొట్టుకు నోచుకోని పనిముట్టు ఒక్కటే. అది ప్రభుత్వం పంపినది.