నత్తగుల్లలో గృహప్రవేశం

నిర్మల్‌లో బొమ్మలు చేసే ఇంట్లో పుట్టిన రంజిత్, చెక్క చిలకకు ముక్కు దిద్దమంటే కళ్లు మూసుకుని దిద్దుతాడు. ఎదురుగా ఆడపిల్ల నిలబడితే మాత్రం తన ముక్కు ఎక్కడుందో తనకే గుర్తుండదు.

అలాంటివాడి కార్ఖానాకు ఆమని వచ్చింది. కరీంనగర్ అమ్మాయి, ఇక్కడి కాలేజీలో జంతుశాస్త్రం చెబుతుంది. హైదరాబాద్ షాపులో రెండు హెర్మిట్ క్రాబ్‌లను చూసి జాలిపడి తెచ్చుకుందట. గుల్లను వీపున మోసుకు తిరిగే ఎండ్రికాయలు. ఒళ్లు పెరిగితే పాత గుల్ల విడిచి పెద్ద గుల్లలోకి మారతాయట. గాజు తొట్టి, లోతుగా తడి ఇసుక, ఉప్పునీళ్లకొక గిన్నె, మంచినీళ్లకొక గిన్నె, తేమ పోకుండా మూత, అన్నీ అమర్చింది. ఎక్కి దిగడానికి చెక్క మెట్లు కావాలి, వాటి పక్కనే గుల్లలు పెట్టే అర కావాలి. అవి మారడానికి కొన్న నాలుగు ఖాళీ గుల్లలను కొలతకు ఇచ్చి, రంగు మాత్రం వద్దని చెప్పింది.

రంజిత్ తలూపాడు. నిర్మల్‌కు వచ్చి రంగు వద్దనేవాళ్లు ఎవరుంటారు? పాపం, మొహమాటపడుతున్నదనుకున్నాడు. తాతల నాటి నుంచి రంగులేని బొమ్మ ఆ గడప దాటలేదు. మూడు రోజులు కూర్చుని మెట్ల మీద నెమళ్లు, గుల్లల మీద బంగారు రంగు తీగలు వేశాడు. ఒక గుల్ల అంచున, లోపలి వైపు, చిన్న 'ఆ' కూడా రాశాడు. ఎండ్రికాయకు చదువు రాదన్న ధైర్యం.

ఆమని ఒక్కో గుల్లనూ ఎత్తి, లోపలా బయటా తిప్పి చూసింది. మురిసిపోతున్నదనుకుని రంజిత్ చొక్కా సర్దుకున్నాడు.

"రంగు వద్దని చెప్పిన గద," అంది చివరకు. "గిది ఊడితే అవి గీక్కొని తింటయి, తిని చస్తయి. షాపోళ్లు గిట్ల రంగులేస్తుండ్రనే నేను వాటిని తెచ్చుకున్న."

పెద్ద ఎండ్రికాయకు గుల్ల ఇరుకైపోయిందట. ఇక్కడి కొలువు అయిపోయింది, ఆదివారం తను హుజూరాబాద్ వెళ్లిపోతుంది. ఆలోపు అది ఇల్లు మారకపోతే ప్రయాణానికి తట్టుకోదని చెప్పి, పాడైన గుల్లలు తీసుకుని వెళ్లిపోయింది. ఇంత చెప్పినా రంజిత్ చెవిన పడింది ఆదివారం ఒక్కటే.

తండ్రి అంతయ్య ఉలి ఆపి మెట్లకేసి చూశాడు. "ఏందిరా, ఎండ్రికాయకు పెండ్లి పల్లకి చేసినవా?"

పాడుచేసిన గుల్లలకు బదులు వేరేవి తేవాలని, సముద్రానికి ఎన్ని గంటల దారో రంజిత్ ఫోన్‌లో చూశాడు. చూసి ఫోన్ జేబులో పెట్టుకున్నాడు. తల్లి ఐలవ్వ, చెరువు బురదలో నత్తగుల్లలుండగా సముద్రం దాకా ఎందుకని విసుక్కుంది. మోకాలి లోతు దిగి సంచెడు ఏరుకొచ్చి, ఆమె కూర గిన్నెలోనే ఉడకబెట్టాడు. గిన్నె ఇక కూరకు పనికిరాకుండా పోయింది, తిట్లు మిగిలాయి. గుండ్రటి మూతి ఉన్నవి ఏరాడు. మెట్లు మళ్లీ చెక్కాడు. చెయ్యి మూడుసార్లు కుంచె మీదికి పోతే, దాన్ని దాచెయ్యమని తండ్రికే ఇచ్చేశాడు.

శనివారం ఆమని ఇంట్లో, తొట్టి ముందు ఇద్దరూ ఊపిరి బిగబట్టి కూర్చున్నారు. అమ్మ గిన్నె సంగతి చెబితే ఆమని కొంచెం నవ్వింది. పెద్ద ఎండ్రికాయ మట్టిరంగు నత్తగుల్ల చుట్టూ తిరిగింది, మీసంతో తడిమింది, బోర్లించింది. రెప్పపాటులో పాత గుల్లలోంచి మెత్తటి ఒళ్లు లాక్కుని అందులోకి దూరింది.

రంజిత్‌కు అప్పుడు వెలిగింది. ఆమె ప్రయాణానికి ఉన్న ఒక్క అడ్డునూ తనే బురదలో దిగి మరీ తొలగించాడు. ఇంత తెలివి జిల్లాలో ఇంకొకరికి ఉండదు.

"ఇగ పోవచ్చు మేడమ్. ఫికర్ లేదు," అన్నాడు.

ఆమని సంచిలోంచి బంగారు తీగల గుల్ల తీసి ముందు పెట్టింది. "గీ లోపల రాసింది ఎవరి పేరు?"

ఎండ్రికాయ పేరని చెప్పబోయాడు. "మీదే. మొత్తం రాసే ధైర్యం రాలే. మీరు పోతుంటే మంచిగనిపిస్తలేదు."

ఆమె తొట్టి మూత మెల్లగా సర్దింది. "కొత్తింట్ల దిగినదాన్ని అంత దూరం తిప్పద్దు. తొట్టి మీ ఇంటికి తీస్కపోండ్రి. ఆదివారం ఆదివారం నేనొస్త."

"ఎండ్రికాయలను చూసెతందుకా?"

"అత్తమ్మ గిన్నె ఖరాబైంది గద. కొత్తది తేవద్దా?"

తొట్టిని ఒళ్లో పెట్టుకుని ఆటోలో సగం దారి వచ్చాక గానీ, ఆమె అత్తమ్మ అన్నది ఎవరినో రంజిత్‌కు తట్టలేదు. ఆటో వెనక్కి తిప్పమన్నాడు. మళ్లీ, కుదుపులకు పెద్దది భయపడుతుందని, నిదానంగా తిప్పమన్నాడు.