రంగులాయన కిటికీ

చీకటి పడ్డాక రంగులాయన ఇంటి ముందు నుంచి మా ఊళ్లో ఎవరూ నడవరు. చెస్ట్‌నట్ తోపు చివర, వాగు ఒడ్డున... ఆ రాతి ఇల్లు. ఆయన పోయినప్పటి నుంచీ తాళమే.

ఆయన పేరు ఆంబ్రోజ్ దుమాజో. బతికినన్నాళ్లూ మా బొమ్మలే వేశాడు — కోతలు, పందుల సంత, వాగులో బట్టలుతికే ఆడవాళ్లు. పారిస్‌లో ఎవరూ కొనలేదు. ఇక్కడేమో మేం నవ్వాం. నీడలన్నీ నీలం, మొహాల నిండా ఆకుపచ్చ చుక్కలు — నవ్వరా మరి? "ఏవయ్యా దుమాజో, మా ఆవుకేం జబ్బు చేసింది, అలా పచ్చగా ఉంది?" అనేవాళ్లం.

యుద్ధం వచ్చాక ఆ నవ్వు ఆగిపోయింది. ఆ వేసవిలోనే కోతల బొమ్మ కోసం ఆయన కుర్రాళ్లని ఒక్కొక్కణ్ణీ విడిగా నిలబెట్టి వేసుకున్నాడు. యుద్ధానికెళ్లి వాళ్లలో ఒక్కడూ తిరిగి రాలేదు. వాళ్ల ప్రాణాలన్నీ బొమ్మలేసే గుడ్డమీదకి లాగేశాడన్నారు. ఆయన పోయాక, రాత్రిళ్లు ఆ ఇంట్లోంచి ఎవరో చూస్తున్నారన్నారు...

అలా నిలబడ్డవాళ్లలో జెర్మెన్ ఒకడు. సిల్వెన్ బాబాయికీ ఫిలోమెన్ పిన్నికీ ఒక్కగానొక్క కొడుకు. ఇంట్లో వాడి ఫోటో ఒక్కటీ లేదు; యుద్ధానికెళ్తూ, తీయించుకుని పంపుతానన్నాడు. ఫోటో రాలేదు, చావుకబురు వచ్చింది.

పిన్ని నోట విన్నదే మీకు చెబుతున్నాను.

అక్టోబరులో ఓ రాత్రి, అడవిపందులు దుంపల చేను తవ్వేస్తున్నాయని బాబాయి తుపాకీ పట్టుకుని కాపలాకెళ్లాడు. పెద్ద వాన. వాగు పొంగి కాలిబాట మునిగిపోయింది. ఇల్లు చేరాలంటే ఇక ఒక్కటే దారి — రంగులాయన ఇంటి ముందు నుంచి.

తల వంచుకుని గబగబా నడిచాడు. వాన వెలిసింది. మబ్బు చీలి వెన్నెల పడింది. ఎవరో చూస్తున్నట్టు... అనిపించింది.

తల ఎత్తాడు.

కిటికీలో జెర్మెన్!

పైకి మడిచిన చొక్కా చేతులు... భుజాన పొడుగు కొడవలి... మొహం మాత్రం శవంలా నీలం.

"రాకురా..." బాబాయి ఓ అడుగు వెనక్కి వేశాడు. "రాకురా నాన్నా... నా దగ్గరికి రాకు..."

గాలి లేచింది. కొడుకు ముందుకి వంగాడు —

తుపాకీ ఎప్పుడు పేల్చాడో ఆయనకే తెలీదు.

ఇంటికొచ్చి గడప మీద కూలబడ్డాడు. పిన్ని బ్రాందీ పట్టబోతే పళ్లు గ్లాసుకేసి కొట్టుకున్నాయి. "మనబ్బాయిని చూశానే... కాల్చేశానే..."

పిన్ని రాత్రంతా కూర్చునే ఉంది. తెల్లారగానే ఆయన చెయ్యి పట్టుకుంది.

"దెయ్యమైతే ఏం? నా కొడుకే. పద."

వెళ్లి చూస్తే... కిటికీ అద్దం ఎప్పుడో పగిలిపోయి ఉంది. వాన లోపలికి కొట్టకుండా, కప్పు బాగుచేయడానికి ఓసారి తాళం తీసిన పనివాడు చేతికందిన గుడ్డేదో తెచ్చి మేకులతో బిగించాడు. దుమాజో బొమ్మ వేసిన గుడ్డ. ఓ పక్క మేకు ఊడి గాలికి ఊగుతోంది. భుజాలున్నాయి. కొడవలి ఉంది. మొహం ఉండాల్సిన చోట సీసపు గుళ్లు చీల్చిన పెద్ద చిల్లు. దాని అంచున నాలుగు నీలం చుక్కలు.

పిన్ని ఆ చిల్లు చుట్టూ వేలితో తడిమింది.

"మనబ్బాయి బొమ్మ ఉందని నీకు తెలుసా?"

అప్పుడు చెప్పాడు బాబాయి. యుద్ధం ముగిసిన ఏడాది దుమాజో దాన్ని చంకన పెట్టుకుని వాళ్ల గుమ్మం దాకా వచ్చాడట, ఊరికే ఇచ్చేస్తానని. "మావాణ్ణి మింగిన గుడ్డ నా కొంపలోకా?" అని ఈయన తలుపు మొహానే వేశాడట. పిన్ని అప్పుడు కొట్టంలో పాలు పితుకుతోంది.

"నాతో ఒక్క మాట అనలేదేం?"

బాబాయి ఊగుతున్న గుడ్డ అంచు పట్టుకుని ఆపాడు.

"సరే, పోనీ. రాత్రి నువ్వు చూశావుగా." పిన్ని గొంతు తగ్గించింది, ఎవరైనా వింటారేమోనన్నట్టు. "చెప్పు... ఎలా ఉన్నాడు? నవ్వుతున్నాడా?"

బాబాయి గుడ్డ అంచు వదిలేశాడు.

"భయమేసిందే..." అన్నాడు. "సరిగ్గా చూడలేదు."