ఆఫ్రికాకు ఏ నెల మంచిది?

"ఆఫ్రికానా? మూడుసార్లు పోయొచ్చినా," అన్నాడు శివశంకర్ సమోసా తుంచుతూ. "నాలుగోసారి కూడా పిలిచినారు. ఆఫీసులో ప్రాజెక్టు రిలీజ్ ఉందని నేనే వద్దన్నా."

ఎవరు పిలిచారో చెప్పలేదు. సింహాలే ఫోన్ చేసి పిలిచాయేమో అనిపించేలా మాత్రం చెప్పాడు.

నిజానికి ప్రొద్దుటూరు నుంచి వచ్చిన ఈ ఇరవై ఏడేళ్ల సాఫ్ట్‌వేర్ డెవలపర్ దగ్గర పాస్‌పోర్టే లేదు. అతను జీవితంలో దాటిన ఒకే ఒక్క సరిహద్దు కర్ణాటకది. అదీ మేనత్త కూతురి పెళ్లికి బళ్లారి పోతూ, బస్సులో నిద్రపోతూ. సింహాన్ని మాత్రం చూశాడు, కాదనకూడదు. జూ పార్కు బస్సు కిటికీలోంచి. అది అటు తిరిగి పడుకుని ఉంది. ఎంత పిలిచినా ఇటు తిరగలేదు.

ఈ గొప్పంతా ఆఫీసు క్యాంటీన్‌లో టేబులుకి అవతల కూర్చున్న వసంత కోసం.

వసంత టెస్టర్, కోడ్‌లో తప్పులు, అంటే బగ్‌లు, వెతకడమే పని. అనుమానించినందుకే ఆమెకు నెలనెలా జీతమిస్తారు. లిఫ్టులో తొమ్మిది నొక్కితే నిజంగా తొమ్మిదికే పోయిందా అని, తలుపు తెరుచుకున్నాక కూడా ఒకసారి బోర్డు చూసి మరీ దిగే మనిషి. శివశంకర్ రాసిన కోడ్‌ని ఒకే వారంలో పదకొండుసార్లు తిప్పి పంపింది. పన్నెండోసారి తిప్పి పంపినప్పుడు అతను ప్రేమలో పడ్డాడు.

"మూడుసార్లా?" అంది వసంత. కనుబొమ్మ ఒకటి పైకి లేచింది. "ఏ నెలల పోయినవ్?"

"ఒక్కోసారి ఒక్కో నెల."

"కెన్యాల మేత కోసం నది దాటే జంతువులను చూసినవా? లక్షల లక్షలు దాటుతయంట కదా, కింద మొసళ్లుంటయంట."

"చూడకుండానే వస్తానా? నా కాళ్ల దగ్గరే దాటినాయి. ఫిబ్రవరిలో."

రెండో కనుబొమ్మ కూడా లేచింది. "ఫిబ్రవరిల అవి కెన్యాల ఉండయి. పక్క దేశంల పిల్లల్ని కంటుంటయి. నది దాటేది జులై నుంచి అక్టోబర్ దాంక. నేను చదివిన."

శివశంకర్ సమోసాని ముప్పై రెండుసార్లు నమిలాడు. "ఆ ఏడాది వానలు ముందే పడినాయిలే."

కిటికీ బయట కూడా అప్పుడే వాన మొదలైంది. అద్దాల బిల్డింగులన్నీ తడిసి, ఒకదాని మొహం ఒకటి చూసుకుంటున్నాయి. వసంత మాత్రం శివశంకర్ మొహమే చూస్తోంది. ఇంకెప్పుడైనా అయితే అతను ఆనందంతో ఎగిరేవాడు. ఇది బగ్ దొరికిన చూపు.

"నీకెందుకు ఇవన్నీ?" అన్నాడు తప్పించుకోడానికి.

వసంత గొంతు తగ్గింది. "మా నాన్న కోసం. ఇరవై రెండేండ్ల సంది క్యాబ్ నడుపుతుండు. గన్ని వేలమందిని ఎయిర్‌పోర్టుల దింపిండు గానీ, లోపలికి ఒక్కసారి పోలే. టీవీల జంతువులొస్తే అన్నం మర్చిపోతడు. ఆయన్ని తీస్కపోవాలె. మళ్లీ మళ్లీ పోయేది కాదు కదా, ఒక్కసారే. నెల తప్పు పడొద్దు."

ఒక్క క్షణం ఆగి, "నువ్వు మూడుసార్లు పోయినవంటున్నవ్ కదా. నువ్వు గూడ వస్తవా? నాన్నకు తోడుంటవ్," అంది.

శివశంకర్ చెవుల్లో సన్నాయి మోగింది. ఆ వెంటనే పాస్‌పోర్టు గుర్తొచ్చి ఆగిపోయింది.

"వస్తా. ఖచ్చితంగా వస్తా. ఏ నెల అనుకుంటున్నావు?"

"సెప్టెంబర్."

జూన్ నెలాఖరు. పాస్‌పోర్టుకు దరఖాస్తు కూడా పెట్టలేదు. శివశంకర్ తల అడ్డంగా ఊపాడు, తల పండిన వేటగాడిలాగా. "సెప్టెంబర్ వద్దు. గుంపు. ఒక సింహానికి నలభై జీపులు. పాపం అది ఎవరికేసి చూడాలి? ఏప్రిల్‌లో పోదాం. ఖాళీగా ఉంటాది."

"వచ్చే ఏప్రిలా? ఎందుకు ఖాళీ?"

"ఎందుకంటే... తెలిసినోళ్లు మాత్రమే పోతారు."

వసంత ఫోన్‌లో ఏదో రాసుకుంది. ఆమె రాసుకున్నదేదీ అతనికి ఎప్పుడూ మంచి చేయలేదు.

ఆ రాత్రే శివశంకర్ పాస్‌పోర్టుకు దరఖాస్తు పెట్టాడు. వివాహితుడా, అవివాహితుడా అన్నచోట అవివాహితుడు అని టిక్ పెట్టాడు. అది నిజమే. చిక్కల్లా ఆ నిజం అతనుండే మణికొండలో ఇంకెవరికీ తెలియకపోవడమే.

మణికొండలో బ్యాచిలర్‌కి ఫ్లాటు దొరకడం కన్నా ఆఫ్రికాలో సింహంతో సెల్ఫీ దొరకడం సులువు. పదిహేడు చోట్ల "ఫ్యామిలీకే ఇస్తాం" అనిపించుకుని, పద్దెనిమిదో చోట శివశంకర్ పెళ్లి చేసుకున్నాడు. నోటితోనే. ఎదురు ఫ్లాటులోనే ఉండే ఓనరు కమలమ్మది నంద్యాల. సొంత సీమ పిల్లోడని సంబరపడి, "మీ ఇంటామె యాడ?" అని అడిగింది. బి.ఎడ్. పరీక్షలన్నాడు. పరీక్షలయ్యాయి. ఇప్పుడు ఆషాఢం. కొత్త కోడలు అత్తగారింట్లో ఉండకూడని నెల. అంత పనికొచ్చే నెల క్యాలెండర్‌లో ఇంకొకటి లేదు.

మరుసటి వారం క్యాంటీన్‌లో అతని ఫోన్ మోగింది. వసంత పక్కనే ఉంది.

"ఆ, కమలమ్మత్తా... లేదు లేదు, ఆషాఢం అయినాక వస్తుంది. ఆ, నేనే పోయి పిల్చుకొస్తా..."

పెట్టేశాక చూస్తే వసంత చేతిలో టీ గ్లాసు నోటి దగ్గరే ఆగిపోయి ఉంది.

"ఎవరొస్తరు, ఆషాఢం అయినంక?"

"ఫ్రిజ్," అన్నాడు శివశంకర్.

"ఫ్రిజ్‌కి ఆషాఢం ఏంది?"

"ఆఫర్లు."

వసంత టీ పూర్తిగా తాగింది. గ్లాసు పెట్టింది. లేచింది. మళ్లీ కూర్చుంది.

"ఒకటడుగుత. ఆఫ్రికాకు పోయేటోళ్లు ఎల్లో ఫీవర్ ఇంజెక్షన్ ఏసుకోవాలె కదా. నువ్వు ఏసుకున్నవా?"

"మూడుసార్లు! పోయిన ప్రతిసారీ. మా ఇంటి కింద మెడికల్ షాపులోనే."

"అది ఒక్కసారేస్తే జిందగీ అంతా పనిచేస్తది. అది గూడ మెడికల్ షాపుల దొరకది, నారాయణగూడల సర్కారు సెంటరుకు పోవాలె. నిన్ననే నేను, నాన్న పోయి వేయించుకొచ్చినం." ఆమె భుజం పట్టుకుంది. ఇంకా నొప్పిగా ఉన్నట్టుంది. "నీది ఏ చేయి?"

శివశంకర్ రెండు చేతులూ చూసుకున్నాడు. రెండూ పనికిరాలేదు.

ఆ రోజు నుంచి ఆమె అతనితో మాట్లాడటం మానలేదు. అదే భయం. మర్యాదగా మాట్లాడింది. అతని కోడ్‌ని మొదటిసారికే పాస్ చేసింది. శివశంకర్‌కి నిద్ర పట్టలేదు. ఆమె కోడ్‌ని వదిలేసి మనిషిని టెస్ట్ చేస్తోందని అర్థమైపోయింది.

ఆదివారం పొద్దున పది గంటలకు బెల్ మోగింది. తలుపు తీస్తే ఫైలు చంకలో పెట్టుకున్న ఒక పెద్దమనిషి.

"స్పెషల్ బ్రాంచి. లింగమూర్తి. పాస్‌పోర్టు వెరిఫికేషన్. మీరేనా శివశంకర్? ఆధార్ తీయుండ్రి. పక్కపొంటి వాళ్లను ఎవరినన్న పిలువుండ్రి, సాక్షి సంతకం కావాలె."

శివశంకర్ ఎవరినీ పిలవలేదు. పిలవాల్సిన పని లేదు. కమలమ్మ అప్పటికే వచ్చేసింది. పోలీసు అన్న మాట మూడంతస్తుల అవతల వినబడినా వచ్చేస్తుంది.

"మా పిల్లోడు బంగారం సారూ," అంది సోఫాలో కూర్చుంటూ. "తాగడు, తిరగడు. పెండ్లాం పుట్టింటికాడ ఉన్నా కూడా ఒక్కడే వండుకుంటాడు పాపం."

లింగమూర్తి పెన్ను ఆగింది. "పెండ్లామా?" ఫారం కళ్లకు దగ్గరగా పెట్టుకున్నాడు. "గిక్కడ అన్‌మ్యారీడ్ అని రాసి ఉన్నది."

సరిగ్గా అప్పుడే తెరిచి ఉన్న తలుపు దగ్గర ఎవరో చెప్పులు విడిచారు. వసంత. ఆఫీసు క్యాబ్ లిస్టులో అడ్రసు చూసి వచ్చింది. చేతిలో కాగితాలు. జుట్టు మీద వాన చినుకులు ఒక్కొక్కటిగా మెరుస్తున్నాయి. ఇంకే ఆదివారమైనా శివశంకర్ ఆ చినుకులు లెక్కపెట్టేవాడు.

కమలమ్మ మొహం వెలిగిపోయింది. "వచ్చినావా తల్లీ! ఇన్నాళ్లకా రావడం? ఆషాఢం కాకుండానే వచ్చేసినావే! ఉండు, గడప దాటకు, హారతి తెస్తా."

"నాకెందుకు హారతి?" అంది వసంత. గదిలో ఉన్న ముగ్గురినీ చూసింది. చివరికి శివశంకర్ దగ్గర చూపు ఆగింది. "ఓ. ఫ్రిజ్ అంటే ఇదన్నట్టు."

లింగమూర్తి పెన్ను మూసేశాడు. "చూడు బాబూ. ఫారంల ఒకటుంది, ఈ అమ్మ ఒకటంటుంది, ఆమెవరో ఇంకోటంటుంది. నాకు జర సాఫ్‌గా చెప్పు. పెండ్లైందా, కాలేదా?"

అయిందంటే పాస్‌పోర్టు పోతుంది, వసంతా పోతుంది. కాలేదంటే ఫ్లాటు పోతుంది. శివశంకర్ ఒక్కసారి గొంతు సవరించుకున్నాడు. జీవితంలో మొదటిసారి అతని నోటికి ఏ కథా రాలేదు.

"కాలేదు సార్. నాకు పెళ్లాం లేదు. ఎప్పుడూ లేదు."

"అంటే బి.ఎడ్. పరీక్షలు?" అంది కమలమ్మ.

"లేవు అత్తా. బ్యాచిలర్ అంటే ఇల్లియ్యరని చెప్పినా. పదిహేడు ఇండ్లు తిరిగినా."

కమలమ్మ నోరు తెరుచుకుంది. "నేను ఆ పిల్ల కోసం నెలనెలా ఉపవాసముంటాండానే! పరీక్షలు పాస్ కావాలని!"

వసంత లోపలికి వచ్చింది. చేతిలోని కాగితాలు టీపాయ్ మీద పెట్టింది.

"పెండ్లాం సంగతి తర్వాత. ఇది చెప్పు ముందు. ఏప్రిల్ అన్నవ్. ఎందుకు ఖాళీ ఉంటదో తెల్సుకున్న. పెద్ద వానలు. రోడ్లన్నీ బురద. సగం క్యాంపులు మూసుకుంటయి. నువ్వు మూడుసార్లు పోయినవని మా నాన్న నమ్మిండు. క్యాబ్ ఓనర్‌ను ఏప్రిల్‌కు లీవ్ అడిగిండు. ఇరవై రెండేండ్లల మొదటిసారి."

పై కాగితం అతని ముందుకు తోసింది.

"ఒక్కసారన్న పోయినవా?"

"లేదు."

"ఒక్కసారి గూడనా?"

"బళ్లారి దాకా పోయినా. సింహాన్ని జూ పార్కులో చూసినా. అది నన్ను చూడలేదు." శివశంకర్ తల దించుకున్నాడు. "పాస్‌పోర్టు లేదు. వచ్చేదాకా టైమ్ కావాలని ఏప్రిల్ అన్నా. మీ నాన్న సంగతి ఆలోచించలేదు. నాదే తప్పు. ఆయన దగ్గరికి నేనే వచ్చి చెప్తా."

వసంత ఎక్కడైనా ఇంకో కథ దాగి ఉందా అని అతని మొహమంతా వెతికింది.

"అయితే ఏ నెల మంచిది?"

"నాకు తెలీదు."

ఆ మాట అతని నోటి నుంచి వినడం ఆఫీసులో ఎవరికీ ఇంతవరకూ దక్కలేదు. వసంత కనుబొమ్మలు మెల్లగా కిందికి దిగాయి.

"మరి ఎందుకు చెప్పినవ్ గిన్ని?"

శివశంకర్ లింగమూర్తి వైపు చూశాడు. కమలమ్మ వైపు చూశాడు. వాళ్లు పోయేట్టు లేరు.

"నువ్వు మళ్లీ మళ్లీ అడుగుతావని. ఏదైనా అబద్ధం చెప్తే నువ్వు పక్కకొచ్చి కూర్చుని అడుగుతావు. నిజం చెప్తే సరే అని పోతావు. నీ పక్కన కూర్చోడానికి ఆఫ్రికా దాకా పోదామనుకున్నా. నువ్వంటే ఇష్టం వసంతా."

కమలమ్మ కొంగుతో కళ్లొత్తుకుంది, కోపంగానే.

"ఇది గూడ కథనేనా?" అంది వసంత. "ప్రూఫ్ ఏంది?"

జవాబు లింగమూర్తి చెప్పాడు. "పోలీసు ముంగట అబద్ధం చెప్తే పాస్‌పోర్టు రాదు బిడ్డా. గా సంగతి ఆయనకు తెల్సు." ఫైలు కమలమ్మ వైపు తిప్పాడు. "సాక్షి సంతకం పెడ్తవా అమ్మా, పెట్టవా? నేనింకా నాలుగు ఇండ్లకు పోవాలె."

కమలమ్మ పెన్ను తీసుకుంది. "పెడ్తా. అబద్ధాలకోరు అని కూడా రాయమంటావా?"

"దానికి కాలమ్ లేదమ్మా."

ఆమె సంతకం పెట్టి శివశంకర్ వైపు వేలెత్తింది. "ఇల్లు ఖాళీ చెయ్యొద్దులే. ఆ ఉపవాసాలన్నీ ఇప్పుడు నువ్వుండు."

వసంత కాగితాలు ఏరుకుంది. గడప దాకా పోయి, చెప్పుల్లో కాళ్లు పెట్టుకుంటూ వెనక్కి తిరిగింది.

"సెప్టెంబర్. నాన్న లీవ్ నేను మార్పిస్త. పాస్‌పోర్టు వస్తెనే నువ్వొస్తవ్. జీపుల నాన్న మధ్యల కూసుంటడు." పెదవి చివర నవ్వు ఒకటి తప్పించుకుంది. "ఇంకేమన్న దాచినవా? ఇప్పుడే చెప్పు, తర్వాత దొరికితే ఊకోను."

శివశంకర్ ఆలోచించాడు. నిజంగానే ఆలోచించాడు. ఆఫ్రికాలో పొద్దున నుంచి సాయంత్రం దాకా, ఆరు రోజులు, గుంతల దారిలో తిరగాలి.

"జీపు ఎక్కితే నాకు వాంతులొస్తాయి," అన్నాడు.