అరువు కళ్ళు

కొల్లాపూర్ బస్టాండు ఎదురుగా తిరుపతన్న ఫోటో స్టూడియో ఉండేది. ముందు గదిలో అద్దం, దువ్వెన, పౌడరు డబ్బా. లోపలి గదికి కిటికీ లేదు, గుమ్మానికి నల్లగుడ్డ తెర ఒకటి. మిట్టమధ్యాహ్నం వెళ్ళినా అందులో రాత్రిలాగే ఉండేది. తడిసిన గోడల వాసన, దానికి తోడు ఆయన వెలిగించే అగరొత్తుల వాసన. నాకు నాగర్‌కర్నూల్లో కంప్యూటర్లు బాగుచేసే షాపు ఉంది. 2006 వానాకాలంలో ఒకరోజు పొద్దున ఆయన ఫోన్ చేశాడు.

"తమ్మీ, నా కంప్యూటరు టక్కు టక్కుమని కొట్టుకుంటుంది. జర జల్ది రా. మస్తు పరేషాన్ల ఉన్న."

హార్డ్ డిస్కు పోతోందని వినగానే తెలిసిపోయింది. కొత్తది ఒకటి సంచిలో వేసుకుని బస్సెక్కాను. ఫోటోలు ఇంకోచోట కూడా దాచుకోమని ఎన్నిసార్లు మొత్తుకున్నా వినే రకం కాదు. దారంతా ఆయన్ని తిట్టుకుంటూనే వెళ్ళాను.

స్టూడియో మెట్ల మీద ఒక ముసలామె కూర్చుని ఉంది. ఒళ్ళో ఖాళీ ఫోటో ఫ్రేము. పేరు సాయమ్మ అని తిరుపతన్న చెప్పాడు. ఆమె ఒక్కగానొక్క కొడుకు సతీష్ వలసపోయిన చోట కట్టడం మీది నుంచి పడి చనిపోయాడు. దినాలు రేపే.

"వాని ఫోటువ ఇంకోటి లేదు బిడ్డా. గా డబ్బల ఉన్నదొక్కటే," అందామె. "వాని మొకం మర్చిపోతనేమోనని భయమైతుంది."

వలసపోయే ఇళ్ళలో ఇది మామూలే. మనిషి పోయాక గానీ ఫోటో గుర్తుకు రాదు. అప్పుడు తిరుపతన్నను పిలుస్తారు. ఆయన శవం ముఖాన్ని ఫోటో తీసుకొచ్చి, కంప్యూటర్లో ఒంటికి కోటు తొడిగి, వెనక నీలం ఆకాశం పెట్టి, మూసిన కళ్ళు తెరిపిస్తాడు. కళ్ళు మూసుకున్న ఫోటోను ఎవరూ ఇంటి గోడకు తగిలించరు.

డిస్కు ఊడదీసి, కరెంటు అందించి, చెవి దగ్గర పెట్టుకున్నాను. లోపల ఎవరో గోటితో కొడుతున్నట్టుంది. ఇలాంటి వాటికి నా దగ్గర ఒక మొరటు వైద్యం ఉంది. ప్లాస్టిక్ కవర్లో గట్టిగా చుట్టి ఫ్రిజ్జులో పెడితే ఆ చలికి కాసేపు బతుకుతాయి. పక్కనే కూల్‌డ్రింకులు అమ్మే మణెమ్మను బతిమాలి ఆమె ఫ్రిజ్జులో పెట్టించాను.

"ఏంది, దీనికి జరమొచ్చిందా?" అని నవ్విందామె.

కాసేపటికి తీసి బిగించాను. చెయ్యి పెడితే ఒళ్ళు జిల్లుమంది. డిస్కు పలికింది. చనిపోయినవాళ్ళ ఫోటోలు దాచి 'పెద్దలు' అని పేరు పెట్టిన ఫోల్డరును ముందుగా కొత్తదానిలోకి ఎక్కించడం మొదలుపెట్టాను. తెర మీద చిన్నచిన్న బొమ్మలుగా ముఖాలు వరుసగా వచ్చాయి. ముసలివాళ్ళు, కుర్రవాళ్ళు, మీసాలున్నవాళ్ళు, లేనివాళ్ళు. చివర్లో సతీష్. ముఖాలు వేరు. కళ్ళు మాత్రం ఒక్కటే.

ఎడమ కంటి తెల్లగుడ్డులో చిన్న గోధుమరంగు మచ్చ. ఆ మచ్చను నేను రోజూ అద్దంలో చూస్తాను.

"అన్నా... ఇవి నా కండ్లు గదా!"

"పోయినేడు పాస్‌పోర్ట్ ఫోటో దిగినవు గద తమ్మీ. మంచి కండ్లు నీయి. ఏ మొగోనికైనా అతుకుతయి." ఏ సిగ్గూ లేకుండా నవ్వాడు.

నాకూ నవ్వొచ్చింది. ఆ వెంటనే ఒళ్ళు జలదరించింది. ఈ చుట్టుపక్కల ఎన్ని ఇళ్ళలో, ఎన్ని దండల వెనక నుంచి నేను చూస్తున్నానో!

కాపీ పూర్తయింది. పాత డిస్కు ఒక్కసారి గీరినట్టు అరిచి ఆగిపోయింది. కొత్తదానిలో మొదటి ఫోటో తెరిచాను.

కోటు ఉంది. ఆకాశం ఉంది. కళ్ళు మూసుకుని ఉన్నాయి.

రెండోది తెరిచాను. మూసే ఉన్నాయి. ఇంకొకటి... ఇంకొకటి... సతీష్ కూడా అంతే. అన్నీ వచ్చాయి, నా కళ్ళు తప్ప. వాటి మధ్యలోనే నా పాస్‌పోర్ట్ ఫోటో ఉంది. దాన్నీ తెరిచాను.

నేనూ కళ్ళు మూసుకునే ఉన్నాను.

టక్... టక్...

పాత డిస్కు వైరు పీకేశాను. అది నా చేతిలోనే ఉంది. దేనికీ తగిలించి లేదు.

టక్... టక్...

గుమ్మం తెర తొలగించుకుని సాయమ్మ లోపలికి వచ్చింది. కొడుకు ముఖం చూసింది. ఏడవలేదు. కంప్యూటర్ అద్దాన్ని చేత్తో నిమిరింది.

"లేస్తలేడు," అంది మెల్లగా.

తిరుపతన్న నా చెవి దగ్గరికి వంగాడు. "ఇంకొక్కసారి కూసో తమ్మీ. నా కండ్లకు పొరలొచ్చినయి, పనికిరావు. నీ కండ్లైతే మునుపటి లెక్కనే ఉంటడు."

నాకు భయమేసింది. దాచుకోవడం దేనికి, పారిపోవాలనిపించింది. కానీ ఆమె ఖాళీ ఫ్రేమును కొంగుతో తుడుస్తూ నిలబడింది. ఆ చేతులు చూసి కదలలేకపోయాను. స్టూలు మీద కూర్చున్నాను.

"రెప్ప కొట్టకు," అని గుసగుసలాడాడు తిరుపతన్న.

ఫ్లాష్ మెరిసింది. చాలాసేపు నాకేమీ కనిపించలేదు. టక్కుటక్కు మాత్రం ఆగిపోయింది.

సాయంత్రానికి ఫోటో ఫ్రేములో కూర్చుంది. సతీష్ కళ్ళు తెరిచాడు. "నన్నే చూస్తుండు," అని సాయమ్మ అప్పుడు ఏడ్చింది. నన్ను దీవించి వెళ్ళిపోయింది.

ఆ రాత్రి ఇంట్లో పడుకుని కళ్ళు మూశాను. చీకటి కాలేదు. పై నుంచి చూస్తున్నట్టు ఒక చిన్న గది కనిపించింది. ఒక మూల పొయ్యి, బోర్లించిన గిన్నెలు, చాప మీద సాయమ్మ. అప్పటినుంచీ రోజూ అంతే. పడుకునేముందు ఆమె ఫోటో అద్దాన్ని కొంగుతో తుడుస్తుంది. నా రెప్పలకు ఆ గుడ్డ తగులుతుంది. మొదట్లో వణికిపోయాను. తర్వాత అలవాటైంది. నిజం చెప్పాలంటే, ఆమె కనబడకపోతే బెంగగా కూడా ఉండేది.

నిన్న ఆమె నిద్రపోయాక తలుపు దగ్గర ఎవరో నిలబడ్డారు. కోటు లేదు. సిమెంటు కొట్టుకున్న చొక్కా. మూసుకున్న కళ్ళు. చేతులు చాచి గోడ తడుముకుంటూ, ఫోటో ఎక్కడుందో వెతుకుతున్నాడు.

ఈరోజు పడుకోలేదు. టీ మీద టీ తాగుతూ, లైటు వేసుకుని కూర్చున్నాను. ఇందాక ఒక్క క్షణం రెప్ప వాలింది. సతీష్ ముఖం నా ముఖానికి ఆనుకుని ఉంది. అద్దం మీద గోటితో...

టక్... టక్...

కళ్ళు తెరిచాను. చప్పుడు ఆగలేదు.