వమనం రోజున చెప్పిన మాట

పొద్దుట్నుంచీ ఆయుర్వేదం డాక్టరమ్మ కాస్తున్న తైలం మీద ఎవరో తడి దుప్పటి కప్పేశారు.

పక్క గదిలోంచి ఆమె పరుగున వచ్చేసరికి సిలిండర్ కట్టేసి ఉంది. దుప్పటి నడుమ కుంగి, నూనెలో మునిగి, మందంతా పీల్చుకుంటోంది. పొయ్యి పక్కన ఒక పొడుగాటి మనిషి చొక్కా చేతులు మడిచి నిలబడి ఉన్నాడు.

"ఎవరండీ మీరు? ఏంటిది?"

"పొగ వాసన వచ్చింది. ఆర్పేశాను."

"అది పొగ కాదు. తైలం పాకానికొచ్చేటప్పుడు అలాగే ఉంటుంది."

"కాలే వాసన నాకు బాగా తెలుసండి. ఫైరింజన్ డ్రైవర్ని."

"ఓహో. మరి ఇంజన్ బయట నిలబెట్టారా, దాన్నీ లోపలికి తెస్తారా?"

"తేలేదండి. సెలవులో ఉన్నాను."

అతను వెటకారానికి అనలేదు. నిజంగానే జవాబు చెప్పాడు. డాక్టరమ్మ ఇంకో మాట అనబోయేలోగా వెనకాలే ఒకావిడ ఆయాసపడుతూ వచ్చింది.

"ఏమీ అనుకోకమ్మా. వీడు నా తమ్ముడు. నీకు చూపిద్దామనే తీసుకొచ్చాను. అన్నంలో పొగంటాడు, మంచినీళ్లలో పొగంటాడు. ఇంట్లో పొయ్యి వెలిగించనివ్వడు. ముక్కు డాక్టర్లు అన్నీ చూసి ఏమీ లేదన్నారు."

డాక్టరమ్మ నూనె ఓడుతున్న దుప్పటి తీసి పక్కన పడేసింది. ఇద్దరినీ కూర్చోబెట్టి సంగతంతా అడిగింది.

అక్కే చెప్పింది. ఆమె భర్తా, ఈ తమ్ముడూ ఒకే స్టేషన్లో పనిచేసేవారు. పోయిన వానాకాలం ఒక గోడౌన్ తగలబడింది. భర్త లోపలికి వెళ్లాడు. తమ్ముడు బయట పంపు దగ్గర ఉన్నాడు. కప్పు కూలింది. లోపలికి వెళ్లిన మనిషి తిరిగి రాలేదు.

ఆమె చెబుతున్నంతసేపూ అతను కిటికీలోంచి బయటికే చూస్తూ కూర్చున్నాడు.

నస్యంతో మొదలుపెట్టారు. ముఖానికి నూనె రాసి మర్దన చేసి, కాస్త ఆవిరి పట్టి, ముక్కులో మందు చుక్కలు వేయడం. మర్దన చేసేది ఒక పెద్దాయన. ఊరంతా ఆయన్ని నూనె మామయ్య అంటారు. చుక్కలు డాక్టరమ్మే వేసేది.

"తల వెనక్కి వాల్చండి. గొంతులోకి దిగితే మింగకుండా ఉమ్మెయ్యండి."

"అబ్బ, ఏం కంపండీ ఇది."

"పొగ కంపా?"

"కాదు. అంతకన్నా ఘోరం."

"పోనీలెండి. ఇంకో వాసన కూడా తెలిసింది కదా."

అతను నవ్వబోయాడు. మందు అడ్డుపడి దగ్గాడు. దగ్గుతూనే నవ్వాడు. నవ్వితే అతని ముఖం వేరే మనిషిదిలా ఉందని డాక్టరమ్మకి అనిపించింది.

ఆ తర్వాత అతను వచ్చే వేళకి ఆమె కళ్లు గుమ్మం మీదికి పోసాగాయి. వాన పడితే రాడేమోనని బెంగ. తడిసి వస్తే ఎందుకు తడిశారని కోపం. నూనె మామయ్య కనిపెట్టనే కనిపెట్టాడు.

"చుక్కలు అతని ముక్కులో వేస్తుంటే ఎరుపు నీ బుగ్గలకి ఎక్కుతోందేంటమ్మా?"

"ఆవిరి గదిలోంచి వచ్చాను మామయ్యా."

"ఆవిరి గదికి ఇవాళ తాళం తియ్యలేదమ్మా."

కానీ నస్యం పనిచేయలేదు. అతను మరీ చిక్కిపోతున్నాడు. ఒకరోజు తనే అడిగాడు.

"కక్కించే వైద్యం ఉందటగా. అది చెయ్యండి."

"వమనం కఫానికి. జరిగినదాన్ని కక్కించే మందు నా దగ్గర లేదు."

"అయినా చెయ్యండి. లోపల ఏదో ఇరుక్కుంది."

ఏళ్ల తరబడి పొగ పీల్చిన ఛాతీ. కఫం నిజంగానే పట్టేసి ఉంది. గుండె, రక్తపోటు పరీక్షలు చేయించి, సరేనంది. కొన్నాళ్లు మందు నెయ్యి తాగించారు. ఒళ్లంతా నూనె రాసి చెమట పట్టించారు.

వమనం రోజున పొద్దున్నే అతన్ని ఎత్తు కుర్చీలో కూర్చోబెట్టారు. కడుపు నిండా కషాయం తాగించి మందు ఇచ్చారు. కాసేపటికి నుదుటి మీద చెమట పట్టింది. మొదటి వాంతి వచ్చినప్పుడు నూనె మామయ్య వీపు నిమిరాడు. డాక్టరమ్మ నుదురు పట్టుకుంది. ఒకదాని మీద ఒకటి వస్తూనే ఉన్నాయి. అతని కళ్లలోంచి, ముక్కులోంచి నీళ్లు. చేతులు ఆమె మణికట్టుని పట్టుకుని వదలడం లేదు.

అంతా అయ్యాక ముఖం కడిగి పడుకోబెట్టారు. మామూలుగా ఆ తర్వాత మందు వత్తి వెలిగించి పొగ పట్టిస్తారు. ఆమె ఆ పని మానేసింది. మామయ్య బకెట్ తీసుకుని బయటికి వెళ్లాడు.

"బావ లోపల్నుంచి మాట్లాడాడు," అన్నాడు అతను, కళ్లు మూసుకునే.

ఆమె నాడి చూస్తున్న చెయ్యి తియ్యలేదు.

"వాకీటాకీలో. దారి మూసుకుపోయిందన్నాడు. మాస్కు తగిలించుకుని వస్తున్నా అన్నాను. వద్దన్నాడు. ఇద్దరం పోతే మీ అక్కకి ఎవరున్నార్రా అన్నాడు. ఆగిపోయాను. ఆయన గొంతు ఆగేదాకా వింటూ నిలబడ్డాను."

"అక్కకి తెలుసా?"

"తెలీకూడదు. తన కోసమే నేను ఆగానని, తన వల్లే ఆయన ఒంటరిగా పోయాడని అనుకుంటుంది. నన్ను పిరికివాడనుకున్నా పర్లేదు."

బయట బల్ల మీద అక్క జావ గిన్నె ఒళ్లో పెట్టుకుని కూర్చుంది.

"ఏమన్నా చెప్పాడామ్మా?"

"అతన్నే అడగండి."

"అడిగితే గదిలోకి పోయి తలుపేసుకుంటాడు. ఆయన ఆఖరికి ఏమన్నాడో తెలీక నాకు ముద్ద దిగడం లేదమ్మా. వీడికి తెలుసు. వాడి ముఖం చూస్తే తెలుస్తుంది."

ఆ మాట డాక్టరమ్మకి తెలుసు. అది తను చెప్పాల్సింది కాదు. కానీ అతను మళ్లీ వచ్చినప్పుడు ఊరుకోలేకపోయింది.

"మీరు అక్కని కాపాడుతున్నాననుకుంటున్నారు. ఆవిడ మొగుడి ఆఖరి మాట ఆవిడకి దక్కకుండా దాచుకున్నారు. అది మీ సొత్తు కాదు."

అతని ముఖం రాయిలా అయింది.

"మందివ్వడం మీ పని. మా ఇంటి సంగతి మీకెందుకు?"

వెళ్లిపోయాడు. మరి రాలేదు. డాక్టరమ్మ కషాయాలు కాచింది, పేషెంట్లని చూసింది, ఎవరితోనూ గొడవ పడలేదు. నూనె మామయ్య కూడా ఆట పట్టించడం మానేశాడు.

వానలు మళ్లీ మొదలయ్యాక అక్క ఒక్కతే వచ్చింది.

"చెప్పాడమ్మా," అంది కూర్చోగానే. "మొదట ఏడ్చాను. తర్వాత ఆయన మీద కోపమొచ్చింది. బతికుండగా కిరసనాయిలు దగ్గర్నుంచీ ఇంటి అద్దె దాకా నన్నడక్కుండానే తేల్చేవాడు. పోతూ కూడా అంతే చేశాడు. ఆ మాట అని నేనూ నవ్వాను, వీడూ నవ్వాడు. అలా నవ్వుతూనే మళ్లీ ఏడ్చాం."

"వాసన తగ్గిందా?"

"తగ్గలేదు. అప్పుడప్పుడూ అంటూనే ఉంటాడు. కానీ తింటున్నాడు. డ్యూటీలో చేరాడు. ఇటు రావడానికే మొహం చెల్లడం లేదు."

కుర్చీ దగ్గరికి జరుపుకుని అంది. "వాడికి నువ్వంటే ఇష్టం. నీకూ ఉందని మీ మామయ్య అన్నాడు. నేను చేసుకోమని చెప్పడానికి రాలేదు. నన్ను ఒకసారి తేరిపార చూడమని చెప్పడానికి వచ్చాను. స్టేషన్లో గంట మోగిన ప్రతిసారీ నీ గుండె నీ దగ్గర ఉండదు. ఒకరోజు బండి వస్తుంది, మనిషి రాడు. అది కూడా చూసుకుని ఆలోచించు తల్లీ."

డాక్టరమ్మ ఆమెను నిజంగానే చూసింది. కళ్ల కింద నలుపు. ఏ పనీ లేక ఒళ్లో పడి ఉన్న చేతులు.

"ముందే తెలిసుంటే మీరు ఆయన్ని చేసుకునేవారు కాదా?"

అక్క ఒళ్లోని చేతుల్ని తిప్పి చూసుకుంది.

"చేసుకునేదాన్ని," అంది చివరికి, తన మీద తనకే విసుగొచ్చినట్టు. లేచి, డాక్టరమ్మ తల మీద చెయ్యి వేసి, గొడుగు తీసుకుని వెళ్లిపోయింది.

ఆ మధ్యాహ్నమే డాక్టరమ్మ స్టేషన్‌కి వెళ్లింది. అతను షెడ్డులో గొట్టాలు ఆరబెడుతున్నాడు.

"అక్క వచ్చిందటగా. ఏమంది?"

"మిమ్మల్ని చేసుకోవద్దన్నట్టే మాట్లాడింది."

"మరి?"

"పెద్దవాళ్ల మాట వినే అలవాటు నాకు చిన్నప్పట్నుంచీ లేదు."

అతను చేతిలో గొట్టం కింద పెట్టాడు. "ఆ రోజు నేనన్న మాట..."

"గుర్తుంది. పెళ్లయ్యాక కూడా గుర్తుంటుంది. అవసరమైనప్పుడల్లా వాడుకుంటాను."

"నేను రాత్రిళ్లు మంచి తోడుని కాదండి. నిద్రలో కేకలేస్తాను."

"రోజూ నాలుగు గోడల మధ్య మనుషుల్ని కక్కించేదాన్ని. కేకలకి భయపడతానా?"

అతను ఏదో చెప్పబోయాడు. గంట మోగింది.

షెడ్డులో మనుషులు పరుగెత్తారు. అతను కదల్లేదు. ఆమె వంకే చూస్తున్నాడు. ఆమె ముఖంలో రక్తం లేదు.

"వెళ్లండి," అంది.

బండి వానలోకి వెళ్లిపోయింది. డాక్టరమ్మ షెడ్డులో బల్ల మీద కూర్చుంది. ఎవరో టీ తెచ్చిచ్చారు. అది చల్లారిపోయింది. ఊరికే ఉండలేక తన నాడి తనే పట్టుకుని చూసుకుంది. లెక్క తప్పింది. మళ్లీ మొదలుపెట్టింది, మళ్లీ తప్పింది. అక్క చెప్పింది వినడం వేరు, ఈ బల్ల మీద కూర్చోవడం వేరు. లేచి ఇంటికి వెళ్లిపోదామని ఒకసారి గుమ్మందాకా వెళ్లింది. తిరిగొచ్చి కూర్చుంది.

దీపాలు పెట్టే వేళకి బండి వచ్చింది. అతను దిగాడు. ముఖమంతా మసి. బల్ల మీద ఆమెను చూసి ఆగిపోయాడు.

"ఇంకా వెళ్లలేదా?"

"లేదు," అంది ఆమె. బల్ల మీద పక్కకి జరిగి అతనికి చోటిచ్చింది. "అలవాటు చేసుకుంటున్నాను."