రొట్టె చప్పుడు లేని ఇల్లు

సత్తవ్వ ఇంట్లో జొన్నరొట్టె చేసి ఏడాది కావస్తోంది. పిండి లేక కాదు, చేతకాక అంతకన్నా కాదు. రొట్టె తట్టితే చప్పుడవుతుంది, చప్పుడైతే సీమోనుకు పడదు. అందుకే ఆ రోజు పొద్దున కూడా ఉప్మానే చేసింది. గరిటె గిన్నె అంచుకు తగలకుండా కలపడం ఆమెకు అలవాటైపోయింది పాపం.

అయినా నల్లా ఊరుకోలేదు. బకెట్లో ఓ చుక్క పడింది. టప్. కాసేపాగి ఇంకోటి. టప్.

"ఎవలదా సప్పుడు?" ముందు గదిలో మంచం మీద నుంచి సీమోను అరిచాడు.

"ఎవల్లేరు. నల్లా."

"జర బంద్ జెయ్యి దాన్ని!"

సత్తవ్వ బకెట్లో పాత గుడ్డ వేసింది.

సీమోను నస్పూర్‌లో బొగ్గు బాయిలో పనిచేసిన మనిషి. ఇక్కడ గనిని బాయి అనే అంటారు. కిందటేడు బాయిలో పైనున్న బండ కూలి అతనూ, అతని దోస్తు వెంకటీ చిక్కుకుపోయారు. సీమోను కుడికాలు పోగొట్టుకుని బయటికొచ్చాడు. వెంకటి ప్రాణాలతో రాలేదు.

అప్పటి నుంచి ఇంట్లో ఒక్కో చప్పుడూ మాయమైంది. గోడ గడియారం పెట్టెలోకి వెళ్లింది. సత్తవ్వ గాజులు తీసేసింది. మొగుడు బతికుండగా ఆ బోసి చేతులేమిటని ఇరుగుపొరుగు చెవులు కొరుక్కున్నారు. చర్చిలో అందరికంటే గొంతెత్తి పాడే ఆమె నోటికి ఇంట్లో తాళం పడింది. సీమోను చర్చి గడప తొక్కడం మానేశాడు. పాస్టరయ్య వస్తే గోడవైపు తిరిగి పడుకునేవాడు. మొగుడికి దేవుని మీద మనసు విరిగిందని సత్తవ్వ రోజూ కన్నీళ్లతో ప్రార్థన చేసేది.

ఆ పొద్దున ఉప్మా పళ్లెం అందిస్తూ ఏమరుపాటున కూనిరాగం తీసింది. ఆమె మామ, అంటే సీమోను తండ్రి, కూలికి పోతూ సొంతంగా కట్టుకున్న పాట అది.

'నేనచ్చేసరికే నువ్వచ్చి కూసున్నవా యేసయ్యా...'

పళ్లెం ఎగిరి గోడకు తగిలింది.

"ఎన్నిసార్లు జెప్పిన గా పాట వద్దని!"

సత్తవ్వకు ఒళ్లు మండింది. "గాజులు తియ్యమన్నవ్, తీసిన. రొట్టె బంద్ జేసిన. నీకు దేవుని మీద కోపముంటే పొయ్యి దేవునితోని కొట్లాడు. నా నోరెందుకు కడ్తవ్?"

"నాకు దేవుని మీద కోపం లేదే."

"మరి ఎవలి మీద?"

సీమోను చూపు గుమ్మం దగ్గర ఆగిపోయింది. అక్కడ వెంకటి భార్య చంద్రవ్వ నిలబడి ఉంది. ఈ ఏడాదిలో సీమోను ఒక్కసారి కూడా ఆమె గుమ్మం ఎక్కలేదు.

"రా చంద్రక్కా, కూసో," అంది సత్తవ్వ కంగారుగా.

చంద్రవ్వ కూర్చోలేదు. "ఎల్లుండి నీ దోస్తు సంవత్సరీకం, అన్నా. రమ్మని చెప్పవచ్చిన. ఇంకో మాట గూడ అడగవచ్చిన." ఆమె సీమోను కళ్లలోకి సూటిగా చూసింది. "గా దినం బండలు తీసినోళ్లల్ల ఒకాయన నిన్న మా ఇంటికచ్చిండు. లోపటి నుంచి పాట ఇనవడ్డదట. నా పెనిమిటి పానం పోతుంటే నువ్వు పాట పాడినవా?"

కాదంటాడని సత్తవ్వ మొగుడి ముఖంలోకి చూసింది.

"పాడిన చెల్లె," అన్నాడు సీమోను.

ఏడాదిగా పూడుకుపోయిన గొంతు మెల్లగా తెరుచుకుంది.

"లైట్లు ఆరిపోయినయ్. వెంకటి బండకు అవుతల ఉన్నడు. కనవడడు, మాట ఇనవడుతది. 'భయమైతుందిరా, మీ బాపు పాట పాడు' అన్నడు. పాడిన. ఆడు రోజూ టిఫిన్ డబ్బ మీద కొట్టినట్టే బండ మీద దరువేసిండు. పాడంగ పాడంగ నాకు నొప్పి తెల్వలే. దేవుడు నాకంటె ముందే గా చీకట్లకచ్చి నా పక్కకు కూసున్నట్టయింది. నా పెండ్లి నాడు గూడ గంత సంతోషం గాలే. అండ్లనే మునిగిపోయిన."

అతను రెండు చేతులతో ముఖం కప్పుకున్నాడు.

"దరువు ఎప్పుడాగిందో నాకు తెల్వలే చెల్లె. ఆడు పోయిండు. నేను సంతోషంగ పాడుకుంటున్న. గప్పటి సంది ఏ సప్పుడైనా ఆడే దరువేస్తున్నడనిపిస్తది. నేను ఏ మొఖం పెట్టుకొని పాడాలె?"

సత్తవ్వ గోడకు ఆనుకుంది. ఇన్నాళ్లూ ఈ మనిషి దేవునికి దూరమయ్యాడని ఏడ్చింది. అతనేమో దేవుడు దగ్గరికొచ్చిన ఆ క్షణాన్నే దొంగసొమ్ములా దాచుకుని కుమిలిపోతున్నాడు.

చంద్రవ్వ మంచం పక్కన నేల మీద కూలబడింది. మంచం పట్టె పట్టుకుని అడిగింది. "ఆగకముందు దరువు ఎట్లుండె? ఉరుకులాడుకుంట కొట్టిండా?"

"లేదు. మెల్లమెల్లగయింది. జోకొట్టినట్టు."

చంద్రవ్వ కళ్ల నుంచి నీళ్లు జలజలా రాలాయి. "రోజూ గట్లనే. మంచం పట్టె మీద వేళ్లతోని కొట్టుకుంటనే నిద్రవోతుండె. ఇన్నేండ్ల కాపురంల అది ఎప్పుడాగిందో నేను ఒక్కనాడన్న సూసిననా? నేనూ నిద్రవోతుంటి." కొంగుతో ముఖం తుడుచుకుంది. "భయమైతే నీ దోస్తు చేతులు ముడుసుకుంటడు. దరువేసిండంటే భయం పోయిందన్నట్టు. చీకట్ల ఒక్కడే భయపడుకుంట పోయిండని నాకు గదొక్కటే ఫికర్ ఉండె, అన్నా. నువ్వు ఏడ్సుకుంట కూసుంటే ఆయన ఏడ్పు ఇనుకుంట పోతుండె."

"నా పక్కకు దేవుడున్నడు. ఆడు మాత్రం ఒక్కడే..."

"మీ దేవుడు నాకు తెల్వదు. గాని నీ పక్కకు కూసున్నోనికి గా బండ అడ్డమా? అవుతల కూసోలేడా?"

సీమోను తలెత్తి ఆమె వైపు చూశాడు. ఏడాదంతా చీకట్లో తడుముకున్న మనిషికి ఇంత చిన్న మాట తట్టలేదు.

"పాడు," అంది చంద్రవ్వ. "ఆయన ఇన్న పాట నన్నూ ఇననియ్యి."

మొదటి మాట సీమోను గొంతులోనే విరిగింది. రెండోసారి బొంగురుగా వచ్చింది. సత్తవ్వ ఏడుస్తూనే గొంతు కలిపింది. కాసేపటికి చంద్రవ్వ వేళ్లు తనకు తెలియకుండానే మంచం పట్టె మీద కదిలాయి. ఆ చప్పుడుకు సీమోను మంచాన్ని గట్టిగా పట్టుకున్నాడు గానీ పాట ఆపలేదు. ఈసారి దరువును వింటూ పాడాడు, చివరిదాకా. పాట అయిపోయాక కూడా ఆమె వేళ్లు ఆగలేదు.

"రొట్టె తిని పో చంద్రక్కా," అంటూ సత్తవ్వ లేచింది.

వంటింట్లో జొన్నపిండి డబ్బా మూత గట్టిగానే ఊడింది. కాసేపటికి రొట్టె తడుతున్న చప్పుడు ఇల్లంతా వినిపించింది. సీమోను అటువైపు తల తిప్పాడు. ఎవలది అని మాత్రం అడగలేదు.