పేరు పెట్టి ఏడ్చే పాట

స్టూడియో గాజుగదిలో మైకు ముందు నిలబడిన రాజవ్వ నోరు తెరవనంటోంది.

"ఉత్తగనే శోకం తియ్యద్దు బిడ్డా. ఎవలన్న పోవాలె. పోయినోళ్ల పేరు వెట్టి ఏడ్వాలె. పేరు లేంది నాకు రాగం రాదు."

చావు ఇళ్లలో రాగం తీసి ఏడవడంలో చుట్టుపక్కల బస్తీల్లో రాజవ్వ తర్వాతే ఎవరైనా. నాయిక చనిపోయే సీనుకి ఆ గొంతే కావాలని డైరెక్టరు పట్టుబట్టాడు. ఓ మూల తన కొత్త మిషన్‌ని పరీక్షిస్తున్న శబ్దశాస్త్రవేత్త డాక్టర్ హైమవతి విసుగ్గా నవ్వింది.

"నా పేరు పెట్టి ఏడవండి. నాకేం పట్టింపుల్లేవు."

"థూ, అవేం మాటలు!" రాజవ్వ లెంపలేసుకుంది. కానీ అప్పటికే అందరూ ఆమె నోటికేసే చూస్తున్నారు. కళ్లు మూసుకుంది.

"ఓ నా బిడ్డా హైమవతీ... ఏ తొవ్వ వట్టి పోతివే..."

గదిలో అందరికీ ఒళ్లు జలదరించింది. సినిమాలో నాయికకూ ఆ పేరే ఖాయం చేశారు.

హైమవతి మిషన్ పేరు మౌని. వీధి స్తంభానికి బిగిస్తే చుట్టూ ఉన్న శబ్దాలన్నీ వింటుంది. రిజిస్టరైన పాట అనుమతి లేకుండా వినబడిందా, ఎర్రదీపం వెలిగించి సరిగ్గా దానికి ఎదురు అలని వదులుతుంది. చెరువులో ఒక అల ఎగసే చోటే ఇంకో అల కుంగితే నీళ్లు చదునైపోతాయి చూడండి, అలాగే రెండు శబ్దాలూ కలిసి సున్నా.

అలాంటి మిషన్ అవసరమూ లేకపోలేదు. సినిమా విడుదలైన పూటే దొంగకాపీ ఫోన్లలోకి ఎక్కేది. హైమవతి భర్త సినిమా ఎడిటర్. స్టూడియో మూతపడ్డాక ఆటో తోలాడు. "దొంగ దొరక్కపోయినా ఫర్వాలేదు, దొంగసొత్తు మూగబోవాలి" అనేదామె. చట్టం వచ్చింది. ఊరంతా స్తంభాలకి మౌనులు మొలిచాయి. పైరసీ ఆగింది, స్టూడియోల్లో మళ్లీ లైట్లు వెలిగాయి.

ఆ తర్వాత రాజవ్వ తమ్ముడు మల్లేశం పోయాడు.

శవం పక్కన కూర్చుని రాజవ్వ నోరు తెరిచింది. గుండెలు బాదుకున్న చప్పుడుంది, గాజుల చప్పుడుంది. గొంతు లేదు. కబురందుకుని హైమవతి వచ్చేసరికి పాడె సిద్ధంగా ఉంది.

రాగం ఆపి మామూలుగా మాట్లాడితే మాత్రం రాజవ్వ మాట వినబడుతోంది. "నా తమ్ముని పేరు ఎవలకు ఇనవడ్తలేదు బిడ్డా. పేరు వెట్టి ఏడ్వకుంటె పానం వాకిలి దాటదు. నీ మిషన్ జర బంద్ వెట్టు."

"నా చేతుల్లో లేదవ్వా. ఆ రాగం సినిమా కంపెనీ పేరున రిజిస్టరైంది. మీరు పాడితే కాపీ కింద లెక్క."

"నా ఏడుపుకు నేనే కాపీనా? మా అవ్వ ఏడ్సిన రాగమది, ఆమె అవ్వ ఏడ్సిన రాగం!"

హైమవతి తల దించుకుంది. "సినిమా పాట వేస్తే వినిపిస్తుంది. దానికి అనుమతి ఉంది."

మోసేవాళ్లు తొందరపెడుతున్నారు. ఎవరో ఫోన్లో వేశారు. మౌని అడ్డుకోలేదు. వాడంతా వినబడింది రాజవ్వ గొంతు: "ఓ నా బిడ్డా హైమవతీ..." పాడె లేచింది.

రాజవ్వ కొంగుతో కళ్లొత్తుకుని డాక్టరు వంక వింతగా చూసింది. "మా మల్లేశం పోలే. ఈ వాడల పోయింది నువ్వే బిడ్డా."

హైమవతి గబగబా ఇంటిదారి పట్టింది. పక్క బస్తీలో ఎవరిదో చావు. అక్కడా అదే పాట. అనుమతి ఉన్న శోకం ఊరందరికీ అదొక్కటే. మలుపు తిరిగితే ఇంకో వాకిట్లో నిప్పుకుండ, ఇంకో ఫోను: "ఏ తొవ్వ వట్టి పోతివే..."

గుమ్మంలో కూతురు ఎదురొచ్చింది. "అమ్మా, నిన్నెవరో ఏడుస్తూ పిలుస్తున్నారు. పలకవేం?"

పలుకుదామనే నోరు తెరిచింది. మాట కంటే ముందు ఏడుపొచ్చింది. దారంతా చెవుల్లో తిరిగిన ఆ రాగంలోనే వచ్చింది.

ఎదుటి స్తంభం మీద ఎర్రదీపం వెలిగింది.

కదులుతున్న అమ్మ పెదాల వంక పాప చూస్తూనే ఉంది.

"అమ్మా! పలకవేం?"